ప్రశంసయు గిట్టుబాటు ధరయు

చట్టసభలు చేయు పనులలో రెండు మన ఇండ్లకు మిక్కిలి దగ్గరివి. ఒకటి, ఘనకార్యములు చేసి తమ భాషకును, ప్రాంతమునకును పేరు తెచ్చిన వారిని సభాముఖమున ప్రశంసించుట. రెండవది, రైతు పండించిన పంటకు ఏ ధర న్యాయమైనదో చర్చించుట. మొదటి పని జరిగిన నాడు మనము సంతోషింతుము. పత్రికలోని చిత్రమును పిల్లలకు చూపుదుము. రెండవ పని జరిగినట్లు మనకు తెలియనే తెలియదు. తెలియు నప్పటికి పంట అడతి దుకాణము చేరియుండును. ఈ రెండు పనులను కలిపి చూడవలెననియు, మొదటిదాని విలువ రెండవదానివలననే తేలుననియు మా అభిప్రాయము.

ఇది పాఠశాల పత్రికలో వ్రాయదగిన విషయమేనా యని కొందరు సందేహింపవచ్చును. మన విద్యార్థులలో అనేకుల ఇండ్లు సేద్యముమీదను, సేద్యమును అంటిపెట్టుకొనిన కూలిమీదను నడచుచున్నవి. పత్తి ధర పడిపోయిన యేడు క్రొత్త పుస్తకములు ఆలస్యముగా వచ్చును. ఇంకను పడిపోయినచో పిల్లవాడే బడి మాని పత్తి తీయుటకు పోవును. కావున పంట ధర పెద్దల వ్యవహారము మాత్రమే కాదు. అది మా హాజరుపట్టికలో కనబడు విషయము.

మొదట ప్రశంసను గూర్చి చెప్పుదుము. 2020 సెప్టెంబరు 8వ తేదీన తెలంగాణ శాసనసభ, పి.వి. నరసింహారావుగారికి భారతరత్న మొసగవలెనని కేంద్ర ప్రభుత్వమును కోరుచు తీర్మానము చేసెను. అది ఆయన శతజయంతి సంవత్సరము. 2024 ఫిబ్రవరి 9వ తేదీన ఆ బిరుదము ఆయనకు ప్రకటింపబడెను. ఈ గౌరవములో మహారాష్ట్రములోని తెలుగువారికిని భాగము కలదు. ఏలయన 1984లోను, 1989లోను ఆయనను లోకసభకు ఎన్నుకొని పంపినది ఈ రాష్ట్రములోని రామటేక్ నియోజకవర్గమే. ఆయన మరాఠీని చక్కగా నేర్చి, హరి నారాయణ ఆప్టేగారి నవల "పణ్ లక్షాత్ కోణ్ ఘేతో"ను "అబల జీవితము" అను పేర తెనిగించిరి. ఇంటి భాషను విడువక, పొరుగు భాషను కాదనక, రెంటను నిలిచి వెలుగుట సాధ్యమేనని మన పిల్లలకు చూపుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము మాకు దొరకదు.

మన నాందేడునకును చెప్పుకొనదగిన పేరు కలదు. ఇచ్చటి పత్తి పరిశోధనా కేంద్రమున రూపొందిన ఎన్.హెచ్.హెచ్. 44 అను సంకర పత్తి రకము 1980 దశకము మొదలు వర్షాధారపు భూములలో విశేషముగా వ్యాపించెను. ఇట్టి కార్యములను సభలు పేర్కొనుట మంచిదే. అల్పసంఖ్యాకులకు అది మరింత మంచిది. నీ భాషయు, నీ నేలయు చిన్నవి కావని పెద్ద సభలో ఎవరైన పలికినప్పుడు బాలుని వెన్ను నిటారుగా నిలుచును. ప్రశంస ఎంతమాత్రమును వ్యర్థము కాదు.

కాని ప్రశంసకు ఒక సౌకర్యము కలదు. దానికి వ్యయము లేదు. అందుచేతనే దానికి విరోధులును తక్కువ. ఎంత చప్పట్లు కొట్టినను బొక్కసమునుండి ఒక్క రూపాయియు తరుగదు. పంట ధర అట్టిది కాదు. ఒకరికి పెంచినచో మరియొకరు చెల్లింపవలెను. కావున ప్రశంసకు చర్చ అక్కరలేదు. ధరకు చర్చ లేనిదే న్యాయము తేలదు.

దీనికి విరుద్ధముగా జరిగిన దానిని మనము కన్నులార చూచితిమి. తెలంగాణ శాసనసభ తన తీర్మానమును చేసిన ఆ సెప్టెంబరు నెలలోనే, 2020లో, పార్లమెంటు మూడు వ్యవసాయ బిల్లులను ఆమోదించెను. వానిలో రెండు 17వ తేదీన లోకసభలోను, 20వ తేదీన రాజ్యసభలోను నెగ్గెను. రాజ్యసభలో గొప్ప కోలాహలము నడుమ, విడివిడిగా ఓట్లు లెక్కింపక, మూజువాణి ఓటుతోనే ఆ పని ముగిసెను. తరువాత ఢిల్లీ పొలిమేరలలో రైతులు ఏడాదికి పైగా కూర్చుండిరి. 2021 నవంబరు 29వ తేదీన ఆ చట్టములను రద్దు చేయు బిల్లును ఉభయ సభలును ఒకే దినమున, తగిన చర్చ లేకయే, ఆమోదించెను. ఆ చట్టములు మంచివని తలచినవారు కలరు. చెడ్డవని తలచినవారును కలరు. ఎవరి అభిప్రాయము ఎట్లున్నను ఒక మాట మాత్రము నిజము. కోట్లకొలది రైతుల క్రయవిక్రయములకు సంబంధించిన చట్టము వచ్చునప్పుడును, పోవునప్పుడును సభ దానిని ఒక అభినందన తీర్మానమువలె గడపివైచెను. ప్రశంసకు తగిన పద్ధతిని ధరకు వాడినచో ఇట్లే యగును.

ఇక ధర నిర్ణయమెట్లు జరుగుచున్నదో విద్యార్థులు తెలిసికొనవలెను. లాల్ బహదూర్ శాస్త్రిగారు "జై జవాన్, జై కిసాన్" అను నినాదమును దేశమునకు ఇచ్చినది 1965లో. ఆ సంవత్సరము జనవరిలోనే ఆయన ప్రభుత్వము వ్యవసాయ ధరల కమిషనును నెలకొల్పెను. ఆచార్య ఎం.ఎల్. దంత్వాలాగారు దానికి మొదటి అధ్యక్షులు. ఆహార సంస్థయు ఆ జనవరిలోనే పుట్టెను. అనగా రైతునకు జయఘోషయు, ధర చెప్పు సంఘమును, ధాన్యము కొను సంస్థయు ఒకే సంవత్సరమున లభించెను. ప్రశంసయు ధరయు చేయి చేయి పట్టుకొని నడచిన సంవత్సరమది. 1985లో ఆ కమిషను పేరున "వ్యయము" అను మాట చేర్చి, వ్యవసాయ వ్యయముల, ధరల కమిషను అనిరి. ఆ సంఘము 22 పంటలకు కనీస మద్దతు ధరను సిఫారసు చేయును. చెరకునకు వేరు ఏర్పాటు కలదు.

ఈ ధర పెట్టుబడిమీద కట్టబడును. విత్తనము, ఎరువు, మందు, కూలి, అరక బాడుగ మొదలగు చేతి ఖర్చులు ఒక లెక్క. ఇంటివారి చాకిరికి విలువ కట్టి కలిపినచో అది రెండవ లెక్క. స్వంత భూమికి కౌలును, స్వంత సొమ్మునకు వడ్డీని కూడ కలిపినచో అది మూడవ లెక్క. 2018 నుండి కేంద్ర ప్రభుత్వము రెండవ లెక్కకు ఒకటిన్నర రెట్లు ఇచ్చుదు మనుచున్నది. 2025-26 సంవత్సరమునకు మధ్యరకపు పత్తికి రెండవ లెక్క క్వింటాలునకు 5140 రూపాయలు; దానికి సగము కలిపి మద్దతు ధర 7710 రూపాయలని ప్రకటించిరి. సోయాబీనునకు 3552 రూపాయల ఖర్చుమీద 5328 రూపాయలు. ఏడవ తరగతి బాలుడు కూడ ఈ లెక్కను సరిచూడగలడు. సరిచూడవలెనని మా కోరిక.

ఇచ్చటనే పెద్ద వివాదము కలదు. ఎం.ఎస్. స్వామినాథన్‌గారి అధ్యక్షతన 2004లో ఏర్పడిన జాతీయ రైతు కమిషను, సగటు ఉత్పత్తి వ్యయముమీద కనీసము నూటికి ఏబది చేర్చి ధర ఈయవలెనని చెప్పెను. ఆ వ్యయము మూడవ లెక్క కావలెనని రైతు సంఘములు వాదించుచున్నవి. రెండవ లెక్క చాలునని ప్రభుత్వము పలుకుచున్నది. 2024 ఫిబ్రవరి 9వ తేదీన పి.వి.గారితో పాటు స్వామినాథన్‌గారికిని, రైతు నాయకులైన చౌధరీ చరణ్ సింగుగారికిని భారతరత్న ప్రకటించిరి. నాలుగు దినములు గడచినవి. 13వ తేదీన పంజాబు రైతులు, స్వామినాథన్‌గారు చెప్పిన ధరకు చట్టబద్ధమైన హామీ కావలెనని ఢిల్లీకి బయలుదేరిరి. వారిని హర్యానా సరిహద్దున శంభూకడ నిలిపివైచిరి. మనిషికి మాల వేసి, ఆ మనిషి చెప్పిన మాటను సరిహద్దున ఆపుట కంటె ప్రశంసకును ధరకును గల ఎడమును చూపు దృష్టాంతము వేరొకటి అక్కరలేదు. ఆ కోరికను పూర్తిగా అంగీకరింపవలెనా, కొంత సవరింపవలెనా యనునది వేరు ప్రశ్న. దానికి సమాధానము సభలో జరుగు చర్చలో దొరకవలెను. రహదారిమీది ముళ్లకంచెకడ దొరకదు.

ఇప్పుడు మన ఊళ్లకు వత్తము. పత్తి, సోయాబీను, కంది, జొన్న మనకు ముఖ్యమైన పంటలు. వీనికి మద్దతు ధర కలదు. పసుపునకు లేదు. ధర్మాబాదు బజారునకు పేరు తెచ్చిన మిరపకు లేదు. అర్ధాపూరు అరటికి లేదు. మద్దతు ధర ఉన్న పంటకైనను అది చేతికి వచ్చునను నమ్మకము లేదు. దేశమంతటను నూటికి ఆరుగురు రైతులు మాత్రమే ప్రభుత్వ సంస్థలకు మద్దతు ధరకు అమ్మగలుగుచున్నారని శాంతకుమార్ సంఘము 2015లో తెలిపెను. 2024లో సోయాబీను మద్దతు ధర 4892 రూపాయలు కాగా, ఆ దీపావళి దినములలో మరాఠ్వాడా మోండాలలో అంతకు తక్కువకే కొనిరి. గింజలో తేమ నూటికి 12 పాళ్లకు మించిన ప్రభుత్వ కేంద్రమున కొనరు. వానలు వెనుకబడి కురిసిన యేడు తేమ ఎట్లు తగ్గును? శాసనసభ ఎన్నికలు జరుగుచున్న ఆ నవంబరులోనే దానిని 15 పాళ్లకు సడలించిరి. అప్పటికే అప్పులు తీర్పవలసిన చిన్న రైతులనేకులు పంటను అమ్ముకొనియుండిరి.

పసుపు కథ మన పొరుగుననే జరిగినది. 2019 లోకసభ ఎన్నికలలో నిజామాబాదు స్థానమునకు 185 మంది పోటీ చేసిరి. వారిలో నూటడెబ్బదికి పైబడినవారు పసుపు, ఎఱ్ఱజొన్న పండించు రైతులు. పసుపు బోర్డు కావలెననియు, గిట్టుబాటు ధర కావలెననియు వారి కోరిక. 2023 అక్టోబరులో బోర్డును ప్రకటించిరి. 2025 జనవరి 14వ తేదీన, సంక్రాంతినాడు, నిజామాబాదున ప్రారంభించిరి. రైతులు సంతోషించిరి, మేమును సంతోషించితిమి. కాని 2025-26 మద్దతు ధరల పట్టికను తెరచి చూచినచో అందు పసుపు పేరు కనబడదు. రెండు కోరికలలో ఒకటి గౌరవము, అది నెరవేరెను. రెండవది ధర, అది మిగిలిపోయెను.

మన స్థితిలో మరియొక చిక్కు కలదు. 1956 నవంబరు 1వ తేదీ వరకు మనమందరము హైదరాబాదు రాష్ట్రమువారము. నాటి విభజనలో ముథోలు, భైంసా ప్రాంతములు నాందేడు జిల్లానుండి ఆంధ్రప్రదేశమునకు పోయినవి. కిన్వటు తాలూకా ఆదిలాబాదునుండి ఇటు వచ్చినది. గీత మారినను నేల మారలేదు. అదే నల్లరేగడి, అదే గోదావరి. 2018 మే నెలలో తెలంగాణము రైతుబంధు పథకమును మొదలిడి, ఎకరమునకు పంటకు 4000 రూపాయల చొప్పున ఇచ్చినప్పుడు, గీతకు ఇటునున్నవారికి అది అందలేదు. ఆ సంవత్సరమే ధర్మాబాదు తాలూకా సర్పంచులు కొందరు, మా గ్రామములను తెలంగాణమున కలుపుడని కోరిరి. వారి బాధ మాకు తెలియును. కాని గీతలు చెరపుటవలన ధర రాదని మా తలంపు. మన ఓటు ముంబయి శాసనసభకు చెందినది; మన అర్జీయు అచ్చటికే పోవలెను. హైదరాబాదు సభ మన మహనీయులను గౌరవించిన సంతోషింతము. ముంబయి సభ మన పంటను గూర్చి మాటలాడునట్లు చేయుదము.

ఎదుటి పక్షము వాదమును కూడ విద్యార్థులు వినవలెను. కందుల ధర పెరిగిన కందిపప్పు ధరయు పెరుగును. కూలిచేసి పప్పు కొనుక్కొను తల్లియు మన పాఠశాల తల్లియే. అన్ని పంటలను ప్రభుత్వమే కొన్నచో గిడ్డంగులెక్కడ, సొమ్మెక్కడ అను ప్రశ్నయు తోసివేయదగినది కాదు. మహారాష్ట్రముననే, శేత్కరీ సంఘటనను నెలకొల్పి, 1980లో చాకణ్ ఉల్లిరైతుల ఆందోళనమును నడపిన శరద్ జోషీగారు, ప్రభుత్వము చేయు మేలుకంటె అది పెట్టు ఆటంకములే రైతును ముంచుచున్నవని వాదించిరి. 2023 డిసెంబరులో ఉల్లి ఎగుమతిని నిషేధించినప్పుడు ధర ఎట్లు కూలెనో చూచినవారు ఆ మాటను తేలికగా త్రోసివేయలేరు. ఒకరు మద్దతు కావలె ననుచున్నారు. ఒకరు ఆటంకము తొలగింపు మనుచున్నారు. ఒకరు కొనువారిని తలపుము అనుచున్నారు. ముగ్గురి మాటలోను కొంత సత్యము కలదు. అందుచేతనే సభ కావలెను. సభ యున్నది అందులకే.

తెలుగువారిలో ఈ పనికి జీవితమును ధారపోసినవారు ఆచార్య ఎన్.జి. రంగాగారు. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో పుట్టి, 1930లో కేంద్ర శాసనసభలో అడుగిడి, నడుమ కొలది విరామములతో 1991 వరకు చట్టసభలలో రైతు పక్షమున పలికిరి. నేడు ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు ఆయన పేరు కలదు. పేరు పెట్టుట గౌరవమే. కాని ఆయన ఆసనమున కూర్చుండి ఆయన వలె ప్రశ్నించు సభ్యులు వచ్చుట అంతకంటె గొప్ప గౌరవము.

కావున మా ప్రార్థనలు మూడు. మొదటిది శాసనసభ్యులకు. ధరల కమిషను నివేదిక వచ్చిన యేటేట, విత్తుటకు ముందే, ఒక పూర్తి దినమును దాని చర్చకు కేటాయింపుడు. మరాఠ్వాడా పసుపు, మిరప రైతుల ఖర్చును కూడ లెక్కింపించుడు. కొనుగోలు కేంద్రములను పంట కల్లమున నుండగనే తెరువుడు. మన జిల్లాకు చెందిన వారెవరినైన సభలో అభినందించు దినమున, ఆ జిల్లా పంట ధరను గూర్చి ఒక ప్రశ్న కూడ అడుగుడు. అప్పుడు ఆ అభినందన పరిపూర్ణమగును.

రెండవది అధికారులకు. ఒక జిల్లాలోగాని తాలూకాలోగాని నూటికి పదునైదుగురు మాటలాడు భాషలో ముఖ్యమైన ప్రకటనలను ప్రచురింపవలెనని అల్పసంఖ్యాక భాషలవారి రక్షణలు చెప్పుచున్నవి. అట్టి తాలూకాలలో మద్దతు ధరల పట్టికయు, తేమ నిబంధనయు, పేరు నమోదు గడువును తెలుగులో కూడ మార్కెట్ యార్డు గోడమీద అంటింపుడు. గడువు చదువలేక ధర పోగొట్టుకొనుట కంటె విచారకరమైనది లేదు.

మూడవది తల్లిదండ్రులకును, విద్యార్థులకును. మనకు ధర తెలియక పోవుటకు కొంత కారణము మనకు ఖర్చు తెలియక పోవుట. విత్తిన నాటినుండి అమ్మిన నాటి వరకు ఒక నోటుపుస్తకమున లెక్క వ్రాయుడు. ఆ పని పిల్లలకు అప్పగింపుడు. తల్లి కలుపు తీసిన దినములను, తండ్రి రాత్రి నీరు పెట్టిన గంటలను కూడ వ్రాయుడు. ఇంటివారి చాకిరికి విలువ లేదనుకొనువాడు తన పంటకు తానే ధర తగ్గించుకొనును. అమ్మిన తరువాత తక్‌పట్టీని పారవేయక దాచుడు. తూకమెంత, హమాలీ ఎంత, దలాలీ ఎంత యని చదువుడు. పాఠశాలలో మరాఠీని శ్రద్ధగా నేర్చుకొనుడు; సభలో మన మాట దానిలోనే వినబడును. తెలుగును విడువకుడు, ఇంటి కష్టము దానిలోనే చెప్పబడును. తన కష్టమును విన్నవించుకొనుటకు, కేంద్రములోగాని రాష్ట్రములోగాని వాడుకలో నున్న ఏ భాషలోనైనను అర్జీ పెట్టుకొను హక్కును రాజ్యాంగము 350వ అధికరణము మనకిచ్చినది. అడగనిదే అమ్మయైనను పెట్టదని మన పెద్దలు చెప్పుదురు. పది ఊళ్ల లెక్కలు ఒకచోట చేర్చి అడిగినచో ఏ సభ్యుడును వినలేదని చెప్పలేడు.

పి.వి.గారు తెనిగించిన ఆ మరాఠీ నవల పేరునకు "కాని పట్టించుకొను వారెవరు?" అని అర్థము. ఆప్టేగారు ఆ ప్రశ్నను నాటి స్త్రీల దుఃఖమును గూర్చి అడిగిరి. మన సేద్యపు ఇండ్లును నేడు అదే ప్రశ్న అడుగుచున్నవి. పొగడినవారికి వినయముతో నమస్కరింతము. నమస్కరించి, నోటుపుస్తకము తెరచి, మా పంటకు ఖర్చింత, వచ్చిన ధర ఇంత, మిగిలినది ఇంత అని చూపుదము. దానికి సమాధానము చెప్పు సభయే మనలను నిజముగా గౌరవించిన సభ.